మా కాశీ ప్రయాణము

మేము నివసించు బెల్లంపల్లి బొగ్గుగనుల పట్టణము. కాజీపేటనుండి బల్లార్షా పోవు రైలుమార్గమున నున్నది. ఒకప్పుడు ఆదిలాబాదు జిల్లాలోనిదై, 2016లో జిల్లాలను విభజించినప్పుడు మంచిర్యాల జిల్లాలో చేరినది. సింగరేణివారి పాతగనులు పెక్కు నేడు మూతపడియున్నను, ఊరిలోని వృద్ధుల మాటలన్నియు గనిచుట్టే తిరుగుచుండును. ఇచ్చట గనిని బాయి యందురు. మా మామగారు అట్టి యొక బాయిలో ఓవర్‌మాను పని చేసి, విశ్రాంతి గైకొని, ఈ యూరనే గతించిరి. కాశి చూడవలెనన్న కోరిక మాత్రము వారికి తీరలేదు.

వారి తిథి ఆషాఢ శుద్ధ చతుర్దశి. 2024వ సంవత్సరమున నా తిథి జూలై 20, శనివారము నాడు వచ్చినది. ఆనాటికి కాశి చేరి గంగయొడ్డున ఆబ్దికము పెట్టింపవలెనని మా యత్తగారు ఏడాదిగా తలంచుచుండిరి. మావారు బడిపంతులు. వారికి దొరకిన సెలవు మిక్కిలి స్వల్పము. రైలున పోయినచో పోవుటకే యొక దినముకన్న నెక్కువ పట్టును. హైదరాబాదునుండి విమానమున రెండు గంటల పని. కావున చిట్టీ డబ్బు తీసి, మేము మువ్వురము, జూలై 19 సాయంకాలపు విమానమునకు టిక్కెట్లు కొంటిమి. మాలో నెవ్వరును అంతకుముందు విమాన మెక్కినవారు కారు.

18వ తేదిని బెల్లంపల్లిలో రైలెక్కితిమి. అత్తగారు రాగిచెంబులో గోదావరి నీరు పట్టి, మూతకు మైనము పూసి, గుడ్డతో కట్టి తెచ్చుకొనిరి. ఆ నీటిని గంగలో కలుపవలెనని వారి సంకల్పము. మంచిర్యాల దాటి గోదావరి వంతెనపై బండి పోవునప్పుడు నలుగురితోపాటు వారును కిటికీలోనుండి యొక రూపాయి వేసి నమస్కరించిరి. పిమ్మట రామగుండము విద్యుత్కేంద్రపు పొగగొట్టములు, పెద్దపల్లి, జమ్మికుంట. ఎటు చూచినను పత్తిచేలు, నాట్లకు సిద్ధమైన మడులు, మబ్బు పట్టిన ఆకాశము. ఆ రాత్రి సికింద్రాబాదులో మా చిన్న యాడుబిడ్డ యింట దిగితిమి.

మరునాడు మధ్యాహ్నమునకు శంషాబాదు చేరితిమి. 2008లో బేగంపేటనుండి విమానముల రాకపోకలు ఇచ్చటికి మారినవి. విశాలమైన ఆ కట్టడమును, అద్దపు గోడలను చూచి అత్తగారు చెప్పులు విప్పవలెనా యని యడిగిరి. లోనికి పోయినంతనే యేదో కీడు జరిగినదని మాకు తోచినది. వరుసలు కదలుటలేదు. బల్లలమీది తెరలు కొన్ని నీలివన్నె దేరి నిలిచిపోయినవి. చేతిలోని ఫోనును చూపి చొరవగా ముందుకు సాగిపోవు యువకులుకూడ మావలెనే నిలుచుండి మెడలు చాచి చూచుచుండిరి. కంప్యూటర్లు పడిపోయినవట, ఈ యూర మాత్రమే కాదట, లోకమంతటను నట్లే యున్నదట యను మాట వరుసలో వెనుకకు ప్రాకినది.

రెండు గంటలు నిలుచుండిన పిదప మా వంతు వచ్చినది. బల్లయొద్ద నున్న పిల్లకు ఇరువది రెండేండ్లకు మించియుండవు. ఆమె యెదుట అచ్చువేసిన పేర్ల పట్టిక యొకటి, ఖాళీ చీటీల కట్ట యొకటి యున్నవి. పట్టికలో మా పేర్లు వెదకి, గీత పెట్టి, చీటీమీద పేరు, ఊరు, విమానపు సంఖ్య, కుర్చీ సంఖ్య తన చేతితో వ్రాయుచుండెను. రెండవ చీటీ వ్రాయుచుండగా ఆమె కలము ఆగిపోయినది. మావారు జేబులోని యెర్రకలము తీసి యిచ్చిరి. అది పిల్లల తప్పులు దిద్దు కలము. ఆ విధముగా మా యత్తగారి విమానపు చీటీ యెర్రసిరాతో వ్రాయబడినది. ఆ పిల్ల నడుమ నడుమ చేయి విదిలించుకొనుచు, "ఇంత రాసి ఎన్నేండ్లయిందో, అమ్మా!" యని నవ్వినది. సామానునకును చేతితో వ్రాసిన చీటీయే కట్టి పంపినది. చెంబు అందే యున్నది.

ఇంతకును జరిగినదేమో పిమ్మట మావారు పత్రికలలో చదివి మాకు వివరించిరి. సోదరీమణులకును తెలియదగిన విషయమే గనుక వ్రాయుచున్నాము.

కంప్యూటర్లలోనికి దొంగలు చొరకుండ కావలి కాయు కార్యక్రమములు కొన్ని కలవు. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున ఆస్టిన్ నగరమందలి క్రౌడ్‌స్ట్రయిక్ అను సంస్థ అట్టి కావలిని నడుపుచున్నది. క్రొత్త క్రొత్త దొంగల గుర్తులను తెలుపుచు ఆ కావలికి అప్పుడప్పుడొక ఫైలు పంపుచుందురు. జూలై 19న, మన గడియారము ప్రకారము ఉదయము 9 గంటల 39 నిమిషములకు పంపిన ఫైలులో నొక దోషమున్నది. క్రొత్త ఫైలు ఇరువదియొకటవ అంశమును చూడుమనుచున్నది; కావలికి అందినవి యిరువదియే. బంతిలో ఇరువది విస్తళ్ళు వేసి, ఇరువదియొకటవ విస్తరిలో వడ్డింపుమని చెప్పినట్లు. మనిషియైనచో విస్తరి లేదని యాగును. యంత్రము లేని విస్తరికై చేయి చాచి అరుగుమీదినుండి పడిపోయినది. కావలివాడు వాకిటనే యున్నచో వాడొక్కడే పడియుండును. ఈ కావలి గర్భగుడిలో నిలుచునునట్టిది. కావున వానితోపాటు గుడి తలుపులే మూతపడినవి.

ఆ సంస్థవారు తప్పు తెలిసికొని 10 గంటల 57 నిమిషములకు దానిని సరిదిద్దిరి. కాని గంటా పదునెనిమిది నిమిషములలోనే కీడు వ్యాపించినది. లోకమున 85 లక్షల కంప్యూటర్లు నిలిచిపోయినవని మైక్రోసాఫ్టువారు లెక్క కట్టిరి. వారి విండోసుతో నడచు యంత్రములన్నిటిలో నిది నూటికి ఒకటికూడ కాదు. కాని విమానాశ్రయములు, ఆసుపత్రులు, బ్యాంకులు ఆ ఒక్క పాలులోనే యున్నవి. పడినదానిని దూరమునుండి లేపుటకు వీలులేక, పెక్కింటియొద్దకు మనుష్యుడు పోయి కూర్చుండి, ఆ చెడుఫైలును చేతితో తీసివేయవలసివచ్చెను. ఆనాడు లోకమున 5,000కు పైగా విమానములు రద్దయినవి. అమెరికాలో డెల్టా సంస్థ యొక్కటియే ఐదు దినములలో నించుమించు 7,000 ప్రయాణములను మానుకొన్నది. అన్నము ఉడికినదో లేదో యొక మెతుకు పట్టి చూచి కాని మనము వార్చము. ఆ ఫైలును ముందుగా కొలది యంత్రములకు పంపి చూచియుండినచో నీ యాపద తప్పియుండును. ఆ పిమ్మట వారును అట్లే విడతలు విడతలుగా పంపు పద్ధతిని పూనిరి.

విమానములలో నేదియు చెడలేదు. నడుపువారును సిద్ధముగనే యుండిరి. చెడినది నేలమీది లెక్క. జనమెందరు, సామాను బరువెంత, ఆ బరువు ముందువెనుకల సమముగా నున్నదా యని తేలనిదే విమానము నేల విడువరాదు. ఉదయమొక యూరికి పోయివచ్చిన విమానమే మధ్యాహ్నము మరియొక యూరికి పోవలెను. ఒకచోట గంట ఆలస్యమైనచో సాయంకాలమున కది నాలుగు గంటలగును. మన దేశమున పలు విమానాశ్రయములలో నాడు పనివారు కాగితము, కలము పట్టి ఆ లెక్కనంతయు చేతులతో చేసిరి. వారిని నిందింపరాదు. మా ప్రయాణము తప్పినందుకు నెవ్వరిమీదను నేరము మోపుట మా యుద్దేశము కాదు.

ప్రయాణము తప్పినమాట నిజము. సాయంకాలము గడచి రాత్రియైనది. మా విమానపు పేరు పిలుచుటయు, ఆపుటయు రెండుమార్లు జరిగినది. నేలమీద దుప్పటి పరచి అత్తగారిని కూర్చుండబెట్టితిమి. ప్రక్కన నొక తల్లి చంటిబిడ్డకు పాలు కలుపుటకు వేడినీటికై తిరుగుచుండెను. పరదేశమునకు పనికి పోవుచున్న జగిత్యాల పిల్లవాడొకడు, ఆ దినము చేరనిచో పని యుండునో పోవునోయని పదిమారులు తన కాగితములను తీసి చూచుకొనుచుండెను. వానికి మా పులిహోర పెట్టితిమి.

అత్తగారు చాలసేపు చుట్టును చూచి మెల్లగా ననిరి: "మీ మామ బాయిల దిగితే ముందుగాల రెండో తొవ్వ యాడున్నదో జూసుకునేటోడు, బిడ్డా. గింత పెద్ద కొట్టానికి ఒక్కటే తొవ్వనా?"

ఆ మాట మాకు మనసున నాటినది. గనికి రెండు దారులుండవలెనన్నది మా యూరిలో పిల్లలకును తెలిసిన సంగతి. అది తేలికగా వచ్చిన బుద్ధి కాదు. 1862 జనవరి 16న ఇంగ్లండులో హార్ట్‌లీ యను గనియందు నీరు తోడు యంత్రపు ఇనుపదూలము విరిగి, ఉన్న యొకేయొక బాయినోట పడి దానిని పూడ్చివేసినది. పురుషులు, బాలురు కలిసి 204 మంది ప్రాణములు గోలుపోయిరి. ఆ యేడే అచ్చట గనికి రెండు దారులుండవలెనని చట్టము చేసిరి. మన బొగ్గుగనుల నిబంధనలలోను నా నియమము కలదు. మహాభారతమున లక్కయింటి కథ నెరుగని వారెవ్వరు? వారణావతమునకు విదురుడు పంపినది సేననుగాదు, ధనమునుగాదు. త్రవ్వుటలో నేర్పరియగు నొక ఖనకుని. ఇంటిక్రింద నతడు త్రవ్విన బిలమే పాండవులను తల్లితో గూడ బ్రతికించినది. ఆ రాత్రి శంషాబాదులో చేతివ్రాత చీటీలే అందరికిని మిగిలిన బిలము. అది యిరుకైనది, అందరును ఒక్కమారు పట్టరు. ఐనను కొందరు దానిగుండ గమ్యము చేరిరి.

మా వంతు రాలేదు. తొమ్మిది గంటల వేళ మా విమానము రద్దయినదని చెప్పిరి. డబ్బు తిరిగి వచ్చునని, మరునాడు పంపుటకు ప్రయత్నింతుమని, ఏ వేళకో చెప్పలేమని పలికిరి. మావారు వేచియుందమనిరి. మాకును ఏమియు తోచలేదు. ఏడాది కోరిక, చిట్టీ డబ్బు, గుమ్మము దాకా వచ్చి మరలిపోవుటయా?

అప్పుడు అత్తగారే నిర్ణయించిరి. "రేపు పొద్దుగాల పోతమో పోమో ఎవరికెరుక? తిథి నిలువదు. కాశిల గంగ ఉత్తరానికి పారుతదని కద గంత పుణ్యం. మన చెన్నూరుకాడ గోదారి ఉత్తరానికే పారుతది. పాండ్రి."

ఇక సామాను తెచ్చుకొనవలెను. లోపలికి పోయిన సంచిని వెదకి తెచ్చుటకు మరియొక గంట పట్టినది. యంత్రము చూపు గుర్తులు లేవు గనుక పనివాడొకడు గుట్టలో నొక్కొక్క చీటీ చదువుచు వెదకి, "ఎర్ర సిరాది ఎవరిదమ్మా?" యని కేకవేసెను. చెంబు చెక్కుచెదరలేదు.

సికింద్రాబాదు జూబిలీ బస్ స్టేషనులో మంచిర్యాల బస్సెక్కునప్పటికి పదకొండు గంటలు దాటినది. రాత్రి మూడు గంటల ప్రాంతమున కరీంనగరములో బస్సాగి, టీ త్రాగితిమి. సరిగా నా మూడు గంటలనుండియే విమానాశ్రయములలో కంప్యూటర్లు మరల పనిచేయసాగినవని పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడుగారు 20వ తేదిని ప్రకటించిరి. వేచియుండినచో వేళకు కాశి చేరియుందుమో యేమో. ఆ సంగతి యత్తగారితో నాడు చెప్పలేదు.

మంచిర్యాలలో తెల్లవారినది. జైపూరు, భీమారముల మీదుగా చెన్నూరు పోవు బస్సులో నత్తగారు మా భుజముపై తలవాల్చి నిద్రించిరి. సన్నని తుంపర. గోదావరి చెన్నూరుచెంత పంచక్రోశము ఉత్తరాభిముఖముగా ప్రవహించునని ప్రసిద్ధి. అగస్త్యేశ్వరాలయము ఈ యూరనే కలదు. వానకాలపు ఎర్రనీరు నిండుగా పారుచుండెను. ఒడ్డునకు దగ్గరగా లోతులేని చోట స్నానములు చేసితిమి. పురోహితుని కుదుర్చుకొని, దర్భలు, నువ్వులు, బియ్యము సంపాదించునప్పటికి మధ్యాహ్నమైనది. అపరాహ్ణమున, చతుర్దశి యుండగనే, మావారు తండ్రికి పిండములు పెట్టిరి. కాశిలో జరుపవలెనని తలంచిన కార్యము మా యింటికి కొలది గంటల దూరమున, మామగారు బ్రదికినన్నినాళ్ళు చూచిన నదియొడ్డున జరిగినది.

చివర అత్తగారు చెంబు మూతకున్న మైనము గోటితో గీకి తీసి, ఆ నీటిని మరల గోదావరిలోనే వంచిరి. వారు విచారించుచున్నారేమోయని భయపడితిమి. "మీ మామకు విమానం అంటే భయం. మంచిగనే అయింది" యనిరి. కాని తిరిగి వచ్చునప్పుడు బస్సులో కొంగు కండ్ల కద్దుకొనుట చూచితిమి. చెన్నూరు చెన్నూరే, కాశి కాశియే. రెండవ దారి మొదటిదానికి సాటి యని మేము చెప్పబోము. కార్యము నిలువకుండ జరిగినది, అంతవరకు నిజము.

ఇంటికి వచ్చిన పిదప మేమును ఈ విషయములను శ్రద్ధగా చదువసాగితిమి. ఒక సంగతి మమ్ము మిక్కిలి ఆలోచింపజేసినది. 2023 ఆగస్టు 28న బ్రిటనులో విమానమార్గములను చూచు కంప్యూటరు నిలిచిపోయి, ఏడు లక్షలకు పైగా జనము చిక్కులపాలైరి. కారణమేమన, లాస్ ఏంజెలిస్‌నుండి పారిస్ పోవు ఒక విమానపు దారిలో రెండు స్థలములకు ఒకే మూడక్షరముల గుర్తున్నది. ఒకటి అమెరికాలోని డెవిల్స్ లేక్, మరియొకటి ఫ్రాన్సులోని దోవిల్. ఒకే పేరుగల యూళ్ళు మన జిల్లాలలో నెన్ని లేవు! టపావాడు మండలము పేరు చూచి తెలిసికొనును. ఆ యంత్రము తెలిసికొనలేక నిలిచిపోయినది. దానికి తోడుగా మరియొక యంత్రమును సిద్ధపరచియుంచిరి. అదియు అదే బుద్ధి గలది గనుక, అదే కాగితమును చదివి, అదేచోట నిలిచిపోయినది. ఇరువది సెకనులలోపల రెండును మూతపడినవి. ఒకే పైకప్పు క్రింద త్రవ్విన రెండు దారులు కప్పు కూలినపుడు రెండును పూడిపోవును గదా! మొదటిదానికి వేరైన త్రోవయే రెండవ త్రోవ. 2025 నవంబరులో ఢిల్లీ విమానాశ్రయమున వర్తమానములను చేరవేయు యంత్రము చెడి 800కు పైగా విమానములు ఆలస్యమైనప్పుడును, దారులు చూపు అధికారులు ఆ పనిని చేతులతో చేసియే విమానములను నడిపిరి.

ఆ చేతిపనికూడ అలవాటున్ననే యక్కరకు వచ్చును. వాడని దారిలో పైకప్పు రాలునని మామగారు చెప్పుచుండెడివారు. ఆ బల్లయొద్ద పిల్ల నాలుగు చీటీలకే చేయి విదిలించుకొన్నది. మన యిండ్లలో మాత్రము వేరుగా నున్నదా? ఆనాడు ఫోను ఆరిపోయినచో మా యాడుబిడ్డ నంబరు మాకు జ్ఞాపకము లేదు. డబ్బంతయు ఫోనులోనే యున్నది. బస్సుకు సరిపడు నోట్లు అత్తగారి బొడ్డుసంచిలో నుండబట్టి గట్టెక్కితిమి. నాటినుండి మాయింట నొక నోటుబుక్కు పెట్టితిమి. బంధువుల నంబర్లు, మందుల పేర్లు, టిక్కెట్టు వివరములు దానిలో సిరాతో వ్రాయుదుము. ప్రయాణమునకు ముందు కొంత నగదు వేరుగా కట్టుకొందుము. నెలకొకసారి మా అమ్మాయిచేత ఆ నంబర్లను చూడక చెప్పించుచున్నాము. ఇవి చిన్నపనులే. సోదరీమణులు తమ తమ యిండ్లకు తగినట్లు ఆలోచించుకొందురు గాక.

ఎర్రసిరా చీటీ మా పంచాంగములో నేటికిని భద్రముగా నున్నది. కాశి యింకను చూడలేదు. ఈసారి రైలున పోవుదమని అత్తగారు, విమానముననే పోవుదమని మావారు. రెండింటి వెలలును కనుగొని నోటుబుక్కులో వ్రాసియుంచితిమి.